పొరుగు కణము

ముగ్గిన అరటిపండుపై ముసరు చిన్న ఈగను మనము చేతితో తోలివేయుదుము. దానిని సీసాలలో పెంచి సంతతిని లెక్కించుటకు ప్రజాధనము వెచ్చింపనేల యని ప్రశ్నించు పెద్దమనుష్యులు మన పఠనమందిరములలోనే కలరు. వారు పన్ను చెల్లించువారు. అడుగుటకు వారికి అధికారము కలదు. ప్రత్యుత్తర మొసగుట మాకును విధియే.

ఈ ఈగలలో 'మైన్యూట్' అను పేర కొన్ని జన్యులోపములు కలవు. వానిచే కణములు మందగతిని పెరుగును. అయినను దేహమంతయు నట్టి కణములతోనే నిర్మితమైనచో, కొంత ఆలస్యముగానైనను ఈగ రూపొందును. వెండ్రుకలు పొట్టివగుట తప్ప పెద్ద వికారము కానరాదు. 1975లో మొరాటా, రిపోల్ అను శాస్త్రజ్ఞులు పెరుగుచున్న రెక్కయందు ఈ మందకణములను ఆరోగ్యకణముల ప్రక్కన నుండునట్లు చేసి చూచిరి. మందకణములు నశించెను. తమలో తాము బ్రదుకగలిగినవి బలవంతుని పొరుగున బ్రదుకజాలవయ్యెను! గాజుపళ్లెములో ఒక్కజాతి కణములనే పెంచి చూచినవారికి ఈ రహస్యము దొరకునా?

ఇట్టి పరీక్షకు సాధనమే ప్రాణము. ఆ నాళ్లలో ఎక్స్-కిరణములే శరణ్యము; ఏ కణమునందు మార్పు కలుగునో దైవాధీనము. 1989లో గోలిక్, లిండ్‌క్విస్ట్ అనువారు ఈస్టునందలి యొక ఎంజైమును ఈగయందు ప్రవేశపెట్టిరి. ఈగకు కొంచెము వేడి తగిలించినంతనే ఆ ఎంజైము పుట్టి, క్రోమోసోములను నిర్ణీతస్థానమున కోసి అతుకును. అంతట కణము రెండుగా చీలునపుడు, లోపముగల జన్యుప్రతులు రెండును ఒక పిల్లకణమునకు, మంచివి రెండును వేఱొకదానికి పోవును. అప్పులన్నియు తమ్మునికి, ఆస్తియంతయు అన్నకు దక్కు భాగపరిష్కారములను మేము న్యాయస్థానములలో చూచియే యున్నాము. ఈగ దేహములో అట్టి పంపకమును కోరిన వేళకు జరిపింపవచ్చును. 1993లో బ్రాండ్, పెరిమన్ అనువారు ఎంచుకొన్న కణజాలమునందు మాత్రమే కోరిన జన్యువును పనిచేయించు మార్గమును కనుగొనిరి.

ఇక ప్రయోజనము మాట. 'మిక్' అను జన్యువు అధికముగా పనిచేయు కణములు ఆరోగ్యముగానున్న పొరుగు కణములనే చంపి వాని చోటాక్రమించునని 2004లో రెండు పరిశోధకబృందములు ఈగలయందే చూపినవి. మనుష్యుల రాచపుండ్లు పెక్కింటిలో విజృంభించునది దీని సోదరజన్యువే. చిట్టెలుకలయందైతే 2018లో న్యూయార్కు రాక్‌ఫెల్లరు విశ్వవిద్యాలయమువారు ఒక బాక్టీరియా ఎంజైమును రోగరక్షణ కణముపై నిలిపి, అది తాకిన కణముపై గుర్తు పడునట్లు చేసిరి. ఏ కణము దేనితో కలిసినదో బ్రదికియున్న ప్రాణియందే తెలియవచ్చినది. 1975లో రెక్కను పరీక్షించినవారిని "ఏ మందు వచ్చు"నని నిలదీసియుండిన వారేమి చెప్పగలిగియుందురు?

ఒబైద్ సిద్దీఖీ బొంబాయిలో ఈగలపై చేసిన కృషిచే ఈ విద్య మనదేశమున వేరూనినది. బెంగుళూరునందును, మన హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునందును వ్యాపించినది. అయితే ఈ సాధనములు ఇనుపపెట్టెలో దాచునవి కావు. అవి బ్రదికియున్న ఈగల వంశములు. వానిని సాధారణముగా కొలది వారముల కొకసారి క్రొత్త సీసాలలోనికి, క్రొత్త ఆహారమునకు మార్చుచునే యుండవలెను. సంవత్సరముల తరబడి కూర్చిన వంశము, మార్చు కూలివాడు లేక, ఆహారమునకు సొమ్ము లేక ఒక్క ఋతువులో అంతరించును. కావున ప్రభుత్వమువారు పెద్ద యంత్రముల కొనుగోలుకంటె ముందుగా ఈ సీసాల పోషణకు ఏటేట తప్పని గ్రాంటును నిర్ణయించి, దానిని గడువు దాటకుండ విడుదల చేయవలెనని కోరుచున్నాము.