నడిచే బండికి మరణశిక్ష

2009లో అమెరికా ప్రభుత్వం పాతకారును అప్పగించి, తక్కువ పెట్రోలు తాగే కొత్తకారు కొన్నవారికి 3,500 లేక 4,500 డాలర్ల రాయితీ ఇచ్చింది. ఇందుకై 300 కోట్ల డాలర్లు కేటాయించారు. ఇంతటి ఔదార్యాన్ని పాతకార్ల ప్రియులు తీవ్రంగా వ్యతిరేకించారు. వారి ఆవేదన అర్థరహితం కాదు. అప్పగించే కారు నడిచే స్థితిలో ఉండితీరాలన్నది నిబంధన. నడిచే ఆ ఇంజనులోని నూనె తీసివేసి, సోడియం సిలికేట్ ద్రావణం పోసి, బిగుసుకుపోయేవరకు తిప్పేవారు. తలుపులు, దీపాలు విడిగా అమ్ముకోవచ్చును. ఇంజను మాత్రం మరే బండికీ అక్కరకు రాకూడదు. పాతబండిని బతికించుకునేవానికి కావలసినది సరిగా అదే! ప్రతిఘటన ఫలితంగా దక్కినది ఒక్క మినహాయింపు: పాతికేళ్ళు దాటిన కార్లను పథకంలో చేర్చలేదు. 1980ల చివరి మోడళ్ళకు ఆ రక్షణ లేకపోయింది. రెండు నెలలైనా నిండకముందే 6.5 లక్షలకు పైగా బండ్లు తుక్కు దారి పట్టాయి.