అడాప్టరు మార్చేది ఆకృతినే



విదేశయానానికి సిద్ధపడేవారికి మనవాళ్ళిచ్చే సలహాలలో "ఒక అడాప్టరు కొనుక్కోండి, చాలు" అన్నది ఒకటి. ఇందులో సగం నిజముంది. అందుచేతనే ఇది అచ్చమైన అబద్ధం కంటె ప్రమాదకరమని నా అభిప్రాయం.

తెలుగు పంతులను గనుక నాకు తెలిసిన దారిలోనే చెబుతాను. "వాడు కొట్టె" అన్నది గసడదవాదేశం వల్ల "వాడుగొట్టె" అవుతుంది. కకారం పోయి గకారం వచ్చింది, పలుకు ఒదిగింది. అంతేకాని దెబ్బ తగ్గనూ లేదు, పెరగనూ లేదు. అడాప్టరు చేసేదీ అంతే. ఒక దేశపు ప్లగ్గును మరొక దేశపు గోడలో ఇముడుస్తుంది. విద్యుత్తు జోలికి పోదు. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు, పౌనఃపున్యం 50 హెర్ట్జులు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జులు.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మేము అమెరికా నుండి తిరిగి వస్తున్నప్పుడు, అత్తగారి మోకాళ్ళ నొప్పులకని మా కోడలు కరెంటుతో వేడెక్కే కాపడం మెత్తనొకదానిని పెట్టెలో సర్దింది. ఇక్కడ ఒక దుకాణంలో అడాప్టరు అడిగితే, "ఇది పెడితే ఏ దేశపు వస్తువైనా పనిచేస్తుందండీ" అన్నారు. పనిచేసింది, అవసరానికి మించి చేసింది. వోల్టేజి ఇంచుమించు రెండింతలైతే వేడి రెండింతలతో ఆగదు, మూడున్నర రెట్లు దాటుతుంది. మా ఆవిడ కునుకు తీస్తోంది. కమురు వాసన నా ముక్కుకు తగిలింది కాబట్టి సరిపోయింది. దుప్పటి పోయింది, మోకాలి పక్క చర్మం కమిలింది. దుకాణదారును తిట్టుకున్నాను గాని, ఆ మెత్త తీగ మీద 120 అన్న అంకె ఉండనే ఉంది. ప్రశ్నపత్రం పూర్తిగా చదివి గాని కలం పట్టవద్దని ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పినవాణ్ణి, నేనే చదవలేదు.

సెల్‌ఫోను, ల్యాప్‌టాపు ఛార్జర్ల మీద సాధారణంగా 100-240 అని ఉంటుంది; వాటికి అడాప్టరు చాలు. బ్రిటనులోనూ 230 వోల్టులే గనుక మన ఇస్త్రీపెట్టెకు అక్కడ ఇబ్బంది లేదు. అదే ఇస్త్రీపెట్టె అమెరికాలో నాలుగోవంతు వేడితో ఈసురోమంటుంది. అన్నట్టు, లోహపు ఒళ్ళున్న వస్తువులకు మూడో పుల్లను, అంటే ఎర్తును, వదిలేసే చవక అడాప్టర్లను దయచేసి వాడవద్దు.

ఇక మిక్సీ. 750 వాట్ల మిక్సీకి తగిన ట్రాన్స్‌ఫార్మరు మోయడం కంటె, 120 వోల్టులకు పనికివచ్చే మిక్సీని అక్కడే కొనడం మేలు. పైగా ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజినే మారుస్తుంది, పౌనఃపున్యాన్ని మార్చదు. అమెరికాలో గోడ కరెంటును లెక్కపెట్టుకుంటూ నడిచే గడియారాన్ని ఇక్కడికి తెచ్చి, ట్రాన్స్‌ఫార్మరు పెట్టి నడిపినా గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది.

అమ్మే ప్రతి అడాప్టరు మీదా "ఇది వోల్టేజిని మార్చదు" అని తెలుగులో అచ్చువేయాలని నా కోరిక. మూడు మాటలు. అట్టపెట్టె మీద చోటు లేకపోదు.

ఆ మెత్త ఇంకా మా బీరువాలోనే ఉంది. కోడలికి చెప్పవద్దని మా ఆవిడ ఆజ్ఞ. ఆ అమ్మాయి నా టపాలు చదవదన్న ధైర్యంతోనే ఇది వ్రాస్తున్నాను.