సొరచేప పొడి డబ్బా, సైటరాబిన్ సీసా

కీమోథెరపీ మధ్యలో ఉన్న ఒక బంధువుకి ఈ వారం ఎవరో సొరచేప మృదులాస్థి పొడి డబ్బా తెచ్చి ఇచ్చారు. వెంట ఒక వాట్సాప్ సందేశం కూడా: సొరచేపలకు క్యాన్సర్ రాదట, ఆసుపత్రులు ఆ సంగతి దాచిపెడుతున్నాయట. బాలింతలకు పాలసొర వండిపెట్టే తీరం మనది. సొర మంచిదంటే ఇట్టే నమ్ముతాం. ఆ నమ్మకాన్ని, అదీ ప్రాణభయంలో ఉన్నవాళ్ళ నమ్మకాన్ని, సొమ్ము చేసుకోవడం చూస్తే ఒళ్ళు మండుతోంది.

ఈ మాటకు ఇంత ప్రచారం తెచ్చింది 1992లో అమెరికాలో విలియం లేన్ రాసిన పుస్తకం. నిజానికి సొరలకు క్యాన్సర్ వస్తుంది. వాటి మృదులాస్థిలోనే పుట్టిన కణితుల్ని కూడా శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. అయినా సందేహం ఎందుకని ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 379 మందిపై పరీక్ష జరిపారు. మామూలు చికిత్స అందరికీ ఇస్తూ, సొర మృదులాస్థి సారాన్ని కొందరికే ఇచ్చి చూశారు. ఆయుష్షులో తేడా కనిపించలేదు. 2010లో ఆ ఫలితం అచ్చయింది కూడా. డబ్బాలు మాత్రం ఇంకా అమ్ముడవుతున్నాయి.

ఈ అబద్ధం చాటున నిజం మరుగున పడిపోవడం నాకు ఇంకా బాధ. సముద్రం క్యాన్సర్‌కు మందులు ఇచ్చింది, నిజంగానే. ఇంట్లో ఎవరికైనా రక్త క్యాన్సర్ వచ్చి ఉంటే సైటరాబిన్ పేరు వినే ఉంటారు. 1950ల మొదట్లో వెర్నర్ బెర్గ్‌మన్ ఫ్లోరిడా తీరపు స్పాంజిలో కొన్ని న్యూక్లియోసైడ్లను కనిపెట్టాడు. చూడటానికి డీఎన్ఏ ముక్కల్లాగే ఉన్నాయి గానీ వాటిలోని చక్కెర వేరు. ఆ నమూనాను చూసి రసాయనశాలలో తయారుచేసినదే సైటరాబిన్. విభజనకు సిద్ధమైన కణం దీన్ని తన ముక్కే అనుకుని డీఎన్ఏలో చేర్చుకుంటుంది, నకలు తీసే పని అక్కడ ఆగిపోతుంది. 1969లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ సీసాలో స్పాంజి రవ్వంత కూడా ఉండదు.

జపాన్ శాస్త్రజ్ఞులు మరో స్పాంజిని 600 కిలోలు సేకరించి శుద్ధి చేస్తే చేతికొచ్చిన హాలికాండ్రిన్-బి 12.5 మిల్లీగ్రాములు. 1986 నాటి మాట. హార్వర్డ్‌లో యోషితో కిషి బృందం 1992లో ఆ అణువును మొత్తంగా నిర్మించింది. అందులో అవసరమైన భాగాన్ని పట్టుకుని చేసిన ఎరిబ్యులిన్, ఇతర అవయవాలకు పాకిన రొమ్ము క్యాన్సర్‌కు మందుగా 2010లో వచ్చింది. డబ్బా అమ్మేవాళ్ళు ఆ కిలోల, మిల్లీగ్రాముల లెక్క చూసి మాట్లాడాలి. పైగా ఇవన్నీ విషాలు. కదల్లేని, కరవలేని జీవికి విషమే రక్ష. సముద్రపు కుందేలు అనే నత్తజాతి జీవిలో దొరికిన డోలాస్టాటిన్ ఎంత విషమంటే, విడిగా మందుగా నిలవలేదు. దాన్ని పోలిన అణువును యాంటీబాడీకి తగిలించాకే 2011లో హాడ్జ్‌కిన్ లింఫోమాకు పనికొచ్చింది. తీరా చూస్తే ఆ విషాన్ని తయారుచేసేది ఆ జీవి కాదు, అది మేసే సయనోబాక్టీరియా.

ఇంత కథకూ మొదలు ఒక్కటే: ఫలానా జీవి ఫలానా జాతి అని గుర్తుపట్టగల మనిషి ఉండటం. నేను ఎన్నిసార్లు రాసినా విసుగు లేకుండా మళ్ళీ రాసేది ఇదే. స్పాంజిని రంగు చూసి, ఆకారం చూసి తేల్చలేం. ముక్క కోసి, లోపలి సూక్ష్మమైన ముళ్ళను మైక్రోస్కోపు కింద పరీక్షించాలి. జాతి తప్పు రాసుకుంటే మరుసటి ఏడు ఆ రసాయనం మళ్ళీ దొరకదు. హైదరాబాద్ ఐఐసీటీలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మన రసాయన శాస్త్రవేత్తలు స్పాంజీలపై ఏళ్ళ తరబడి పనిచేశారు. వాళ్ళ పక్కన నిలబడి జాతి పేరు చెప్పాల్సిన జంతుశాస్త్రాన్ని మాత్రం పాత చదువని పక్కన పడేశాం. పెద్దాయన రిటైరైతే ఆ కుర్చీ ఖాళీ. స్పాంజీల మీద పీహెచ్‌డీ చేస్తానన్న పిల్లకు ఉద్యోగం రాదని ఇంటిల్లిపాదీ నచ్చజెబుతారు. ఆ పిల్లను ఆపిన తప్పు ఇంట్లోవాళ్ళది కాదు, కొలువు చూపని ప్రభుత్వాలది.

సముద్రం సంగతి ఎత్తాక మన మందుల ఫ్యాక్టరీల మాట కూడా అనాల్సిందే. 2007లో అచ్చయిన అధ్యయనంలో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండేదాని కంటే ఎక్కువ. అదీ శుద్ధి చేశాక! ఇప్పుడు విశాఖ, అనకాపల్లి తీరంలో పైపులు నేరుగా సముద్రంలోకే వెళ్తున్నాయి. నక్కపల్లి దగ్గర మత్స్యకారులు పైపు వద్దని ధర్నాకు కూర్చుంటే అభివృద్ధికి అడ్డమన్నారు. శుద్ధి చేశామన్న మాట ఒక్కటే వాళ్ళకు చాలదు. ఏ మందు అణువు లీటరుకు ఎంత పోతోందో కాలుష్య నియంత్రణ మండలి నెలనెలా కొలిచి, ఆ లెక్క తెలుగులో రాసి, ఆ ఊరి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి.