బాప్తిస్మం తర్వాతే అసలు పని

అంతియొకయ సంఘాన్ని మొదలుపెట్టింది ఎవరు? అపొస్తలుల కార్యముల గ్రంథం వారి పేర్లు చెప్పదు. యేసును నమ్మిన స్తెఫనును రాళ్లతో కొట్టి చంపాక యెరూషలేములో హింస పెరిగి విశ్వాసులు చెల్లాచెదురయ్యారు. వారిలో కుప్ర, కురేనే వాసులు కొందరు అంతియొకయ చేరి గ్రీకువారికి కూడా యేసును గురించి చెప్పారు. వారు అపొస్తలులు కారు. ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన మామూలు మనుషులు.

సంగతి విని యెరూషలేము పెద్దలు బర్నబాను పంపారు. జనం పెరుగుతున్నారని సంతోషించి ఆయన వెనుదిరగలేదు. తార్సుకు వెళ్లి సౌలును వెదికి తీసుకొచ్చాడు. ఇద్దరూ నిండా ఏడాది అక్కడే ఉండి బోధించారు. ఆ తర్వాత అదే సంఘంలో ఐదుగురు ప్రవక్తలు, బోధకులు కనిపిస్తారు. వారిలో బర్నబా, సౌలులనే సువార్త యాత్రకు పంపేసినా సంఘం నిలిచింది.

మన దగ్గర ఆ ఏడాది పాఠమే కరవైంది. మూడు రోజుల ఉజ్జీవ కూటాలకు షామియానాలు, ఫ్లెక్సీలు, మైకుసెట్లు సిద్ధం. నాలుగో రోజు నుంచి కొత్త విశ్వాసిని పలకరించే దిక్కు చాలాచోట్ల ఉండదు.

పౌలుగా పేరొందిన ఆ సౌలే తర్వాత కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు. డేరాలు కుట్టే అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట్లో ఉంటూ వారితో కలిసి అదే పని చేశాడు. తర్వాత ఎఫెసులో అపొల్లో అనే గొప్ప వక్త సమాజమందిరంలో మాట్లాడుతుంటే ఈ దంపతులు విన్నారు. ఆయనకు యోహాను బాప్తిస్మం మాత్రమే తెలుసు. నలుగురిలో తప్పుపట్టలేదు, తమ వెంట తీసుకెళ్లి మరింత వివరంగా నేర్పారు. బోధకుడికి పాఠం చెప్పింది చేతిపని చేసుకునే భార్యాభర్తలు!

మామూలు మనుషులూ బోధించగలరనడానికి తెలుగునాట సాక్ష్యం ఉంది. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. ఒంగోలు ప్రాంతంలో ఊరూరా సువార్త చెప్పింది ఆయనలాంటివారే. 1876-78 కరవులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనుల్లో వేలమందికి కూలి చూపించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర ఈ అంకెనే గుర్తుపెట్టుకుంది. దాని వెనుక ఏళ్లతరబడి పల్లెల్లో తిరిగిన పేరయ్య వంటివారి శ్రమ ఉంది.

తీరిక లేదనేవారు చాలామంది. అకుల, ప్రిస్కిల్లలకూ పూట గడవాలంటే పని చేయక తప్పలేదు. బోధించే భారమంతా పాస్టరు మీద వదిలేస్తే సంఘం ఎదగదు. వచ్చే కూటానికి బడ్జెట్ వేసుకునే ముందు సంఘ పెద్దలు నిరుడు బాప్తిస్మం తీసుకున్నవారి జాబితా తీయాలి. ఒక్కొక్కరికీ ఏడాదిపాటు తోడుండే అనుభవజ్ఞుడైన విశ్వాసిని అప్పగించాలి.