రెండేళ్ళ బిడ్డకు ఏ జబాన్ నేర్పాలి?

మన ఇళ్ళలో ఈ మధ్య ఒక కొత్త ఆదత్ పట్టుకుంది. బిడ్డ ఇంకా సరిగా నడవనైనా నడవడు, అమ్మీ అబ్బా ఇద్దరూ వాడితో ఇంగ్లీష్ మొదలుపెడతారు. "కమ్ బేబీ, ఈట్ బనానా, సిట్ డౌన్, గుడ్ బాయ్." వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాత్రం దక్కనీలోనో తెలుగులోనో మాట్లాడుకుంటారు. కొట్లాడుకున్నా అందులోనే, నవ్వుకున్నా అందులోనే. బిడ్డకు మాత్రం తమకే సరిగా రాని జబాన్ ఇస్తున్నారు. అదే తరక్కీ అనుకుంటున్నారు. నేను అలా అనుకోవడం లేదు. ఎందుకో చెబుతాను.

మేముండేది నేరేడ్‌మెట్‌లో. చుట్టూ ఫౌజీ ఇలాఖా. సైనిక్‌పురి వైపు వెళితే హిందీ, పంజాబీ, మలయాళం అన్నీ వినపడతాయి. మౌలాలి వైపు వెళితే మన దక్కనీ. వినాయక్‌నగర్ బజారులో తెలుగు. మా ఇంట్లో కూడా అంతే. మా అమ్మీజాన్‌కు దక్కనీ తప్ప ఇంకో జబాన్ రాదు. మా బేగందేమో ప్రకాశం జిల్లా. వాళ్ళ పుట్టింట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, తెలుగు పత్రికల్లో రోజీ సంపాదించుకుంటున్నవాణ్ణి. ఈ ముగ్గురి మధ్యా మా ఛోటే మియా పెరుగుతున్నాడు. వయసు రెండేళ్ళ ఏడు నెలలు. "దాదీ, పానీ కావాలి" అంటాడు. "నక్కో, నేను తినను" అంటాడు. ఎమ్ఎమ్‌టీఎస్ చప్పుడైతే "రైల్ వచ్చింది, రైల్ వచ్చింది" అని బాల్కనీకి పరిగెడతాడు. నానీని మాత్రం "అమ్మమ్మా" అనే పిలుస్తాడు.

ఈ ఖిచిడీ భాష విని మా చుట్టాలు కొందరు ఫికర్ పడుతున్నారు. "వాడు కన్ఫ్యూజ్ అవుతున్నాడు భాయ్, ఒక్క భాషే మాట్లాడండి, అదీ ఇంగ్లీషే అయితే మంచిది" అని మష్వరా ఇస్తున్నారు. ఒక ప్లే స్కూల్‌లో అడ్మిషన్ గురించి అడగడానికి వెళితే అక్కడి మేడమ్ కూడా ఇదే మాట అంది. "ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడండి సార్, లేకపోతే బాబు వెనకబడతాడు" అని. ఆ స్కూల్ పేరు ఇక్కడ అనవసరం. ఇది ఒక్క స్కూల్ మాట కాదు, గల్లీ గల్లీలో వినపడే మాట.

హకీకత్ ఏమిటంటే, చిన్నపిల్లల మెదడు మనం అనుకున్నంత నాజూకు కాదు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు ఒకే వాక్యంలో రెండింటినీ కలపడం మామూలు సంగతి. అది గందరగోళం కాదు. ఆ క్షణాన చేతికి ఏ మాట అందితే దాన్ని వాడుకోవడం. పెద్దవాళ్ళం మనం చేసేదీ అదే కదా! రెండు భాషల పిల్లలకు ఒక్కో భాషలో మాటలు కొంచెం తక్కువ ఉండొచ్చు. రెండూ కలిపి లెక్కపెడితే మిగతా పిల్లలతో దాదాపు సమానంగానే ఉంటాయని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. మూడు నాలుగేళ్ళు వచ్చేసరికి ఎవరితో ఏ భాష మాట్లాడాలో వాళ్ళే తెలుసుకుంటారు. మా వాడికి ఇప్పటికే సగం తెలుసు. దాదీ దగ్గర "ఆవో" అంటాడు, అమ్మమ్మ దగ్గర "దా" అంటాడు.

ఇక ఫోన్ సంగతి. చాలా ఇళ్ళల్లో బిడ్డకు ఇంగ్లీష్ నేర్పే ఉస్తాద్ యూట్యూబే. ఒక ముద్ద పెట్టాలంటే ఒక రైమ్ ఆడించాలి. 2003లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. తొమ్మిది నెలల పిల్లలకు చైనా వాళ్ళ మాండరిన్ భాష వినిపించారు. కొందరికి ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడారు. కొందరికి అవే మాటలు వీడియోలో చూపించారు. మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాషలోని ధ్వనుల్ని పట్టుకున్నారు. వీడియో చూసిన పిల్లలకు ఏమీ అంటలేదు. బిడ్డకు భాష మనిషి ముఖం నుంచే వస్తుంది. వాడు ఒక శబ్దం చేస్తే మీరు జవాబివ్వాలి, మీరు నవ్వితే వాడు నవ్వాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఫోన్‌కు చేతకాదు. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట దాటొద్దని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

"మరి ఇంగ్లీష్ రాకపోతే నౌకరీ ఎలా వస్తుంది?" అని అడుగుతారు. సవాల్ సరైనదే. ఇంగ్లీష్ కావాలి, తప్పకుండా కావాలి. ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాణ్ణి, ఆ లోటు ఎంత బరువో నాకు తెలుసు. కానీ ఒక్కసారి లెక్క వేయండి. బిడ్డ బడిలో అడుగుపెట్టాక పదో తరగతి, ఇంటర్, డిగ్రీ దాకా పదిహేనేళ్ళకు పైగా ఇంగ్లీషే. పుస్తకం ఇంగ్లీష్, పరీక్ష ఇంగ్లీష్, దోస్తులు ఇంగ్లీష్. ఇంటి భాషకు మిగిలేది ఈ మొదటి నాలుగైదేళ్ళే. వీటిని కూడా ఇంగ్లీష్‌కే ఇచ్చేస్తే ఇంటి భాష మళ్ళీ ఎప్పుడొస్తుంది? తొమ్మిదో తరగతి చదువుతున్న మా పెద్దమ్మాయిని చూస్తున్నాను. మూడేళ్ళ దాకా దాదీ ఒడిలో దక్కనీలోనే పెరిగింది. ఈ రోజు తన ఇంగ్లీష్ ముందు నా ఇంగ్లీష్ దిగదుడుపే. పునాది గట్టిగా ఉంటే దాని మీద ఎన్ని అంతస్తులైనా లేస్తాయి. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనో మాతృభాషలోనో చదువు చెప్పాలని రాసుకుంది. బడులు చేస్తాయో లేదో వాటి ఇష్టం. ఇంట్లో చేయడానికి మనకు ఏ సర్కారు ఇజాజత్ అక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో మాట. ఇది మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. ఇంగ్లీష్ కాంప్లెక్స్ ఒకటైతే, ఉర్దూ కాంప్లెక్స్ ఇంకొకటి. కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా తెలుగే మాట్లాడే ముస్లిం ఖాందాన్‌లు ఎన్నో ఉన్నాయి. వాళ్ళు హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డాక "మాకు ఉర్దూ రాదండీ" అని తల దించుకుని చెబుతారు. బిడ్డతో రాని ఉర్దూలో తడబడుతూ మాట్లాడతారు. రాని ఇంగ్లీష్‌తో వచ్చే నష్టమే రాని ఉర్దూతోనూ వస్తుంది. దీన్‌కు ఒకే జబాన్ లేదు. దువా తెలుగులో చేసినా అల్లాహ్ వింటాడు. మా అత్తగారు మనవణ్ణి ఒడిలో వేసుకుని తెలుగులో నబీల కథలు చెబుతుంటే వాడు కళ్ళు పెద్దవి చేసుకుని వింటాడు. అందులో తరబియత్‌కు ఏ కమీ నాకు కనపడలేదు. ఉర్దూ షౌక్ ఉంటే తర్వాత నేర్పించండి, చాలా మంచిది. కానీ తల్లికి కడుపులోంచి వచ్చే మాటే బిడ్డకు మొదటి మాట కావాలి.

ఈ రెండు భాషలూ పరాయివి కూడా కావు. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు ప్రేమగా మల్కిభరాముడు అన్నారు. ఆయన కొడుకు మహమ్మద్ కులీ దక్కనీలో షాయరీ చెప్పాడు. కుర్చీ, దుకాణం, ఖర్చు, జవాబు, రోజు అనకుండా ఏ తెలుగువాడికీ పూట గడవదు. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. 2018 చట్టంతో బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. కాగితం మీద రెండూ పదిలంగానే ఉన్నాయి. కానీ భాష బతికేది కాగితం మీద కాదు, దస్తర్‌ఖాన్ చుట్టూ.

అసలు పోయేది ఏమిటో కూడా చూడండి. పోయేది దాదీ. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, రోజంతా ఇంట్లోనే. ఆమెకున్న ఒకే ఒక్క రౌనక్ మనవడు. వాడు ఇంగ్లీష్ మాత్రమే మాట్లాడితే ఆమె వాడితో ఏం మాట్లాడుతుంది? "కైకు రోరా బేటా?" అని అడిగితే వాడికి అర్థం కాకపోతే? ఒకే కప్పు కింద ఉంటూ దాదీ, పోతా పరాయివాళ్ళవుతారు. ఆమె దగ్గరున్న కథలు, పహేలియాఁ, సామెతలు, మన ఖాందాన్ ఎక్కణ్ణుంచి వచ్చిందన్న కబుర్లు అన్నీ ఆమెతోనే వెళ్ళిపోతాయి. ఏ ప్లే స్కూల్ ఫీజు కట్టినా అవి మళ్ళీ దొరకవు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పక చెప్పాలి. భాషలు కలపడం వేరు, మాటలే రాకపోవడం వేరు. ఏడాదిన్నర దాటినా ఒక్క మాట కూడా రాకపోతే, రెండేళ్ళు నిండినా "పాలు కావాలి", "అబ్బా ఆవో" లాంటి రెండు మాటల జోడీ రాకపోతే, పిలిస్తే తిరిగి చూడకపోతే, వచ్చిన మాటలు మాయమైపోతే, "రెండు భాషల వల్లేలే, అదే వస్తుంది" అని ఊరుకోకండి. నజర్ తగిలిందని తావీజు కట్టి వదిలేయకండి. ముందు చెవి పరీక్ష చేయించండి, పిల్లల డాక్టర్‌కు చూపించండి. మనకు దగ్గర్లోనే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ 1984 నుంచి ఉంది. ఎంత తొందరగా చూపిస్తే అంత ఫాయిదా.

మిగతాదంతా ఆసాన్. ఖర్చు లేదు. అన్నం తినిపించేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి, పప్పు, చావల్, నింబూ అని పేర్లు చెబుతూ తినిపించండి. స్నానం చేయిస్తూ ముక్కు, కాన్, చెయ్యి అని అడగండి. సాయంత్రం సఫిల్‌గూడ చెరువు దాకా తీసుకెళ్ళి కనపడిన ప్రతి పిట్టకూ పేరు పెట్టండి. అబ్బాలకు ఒక ఖాస్ మాట. ఇది అమ్మీ ఒక్కదాని పని కాదు. డ్యూటీ నుంచి రాగానే అరగంట బిడ్డకు ఇవ్వండి. ఆ అరగంటలో మీకు ఏ జబాన్‌లో నవ్వు వస్తుందో, ఏ జబాన్‌లో కోపం వస్తుందో, ఆ జబాన్‌లోనే మాట్లాడండి. ఇంగ్లీష్ బడి బయట నిలబడి వాడి కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. దాదీ అంత కాలం ఎదురుచూడలేదు.