నిద్ర యంత్రానిది, నింద లినక్సుది

లినక్సు వాడేవారు నలుగురు కూడిన చోట ఒక తీర్పు తప్పక వినవస్తుంది: “డెస్కుటాపులో సస్పెండు జోలికి పోవద్దు, లినక్సుకు అది చేతకాదు.” దాని వెంటనే ఒక సలహా: “నిద్రపుచ్చడమెందుకు, ఆపివేస్తే పోలా!” మొదటిది విచారణ లేని అపవాదు. రెండవది పరిష్కారమనే ముసుగు వేసుకున్న పలాయనం. ఈ రెంటినీ ఖండించడమే ఈ టపా ఉద్దేశం. విభేదించే బ్లాగుమిత్రులు సకారణంగా ప్రతివాదం చేస్తే సంతోషిస్తాను.

ముందు నిద్ర అనగా ఏమో నిర్వచించుకుందాం. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్టు, తోషిబా సంస్థలు ఏసీపీఐ అనే ప్రమాణాన్ని వెలువరించాయి. అందులో మెలకువ ఎస్0. ప్రాసెసరు ఆరిపోయి ర్యాముకు మాత్రం విద్యుత్తు అందుతూ ఉండే స్థితి ఎస్3. డెస్కుటాపులో మనం సస్పెండు అనేది సాధారణంగా దీనినే. ర్యాములోని దానిని డిస్కులో భద్రపరచి యంత్రం ఆరిపోవడం ఎస్4, అనగా హైబర్నేషను. ఈ నిద్ర అనే పల్లకీని మోసేవారు నలుగురు: మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేరు, కెర్నెలు, పరికరాల డ్రైవర్లు, సిస్టమ్‌డీ వంటి నిర్వాహక సాఫ్టువేరు. ఎవరు అడుగు తప్పినా పల్లకీ కూలుతుంది. కూలిన ప్రతిసారీ ఒక్కరినే నిందించడం ఏమి న్యాయం?

“సస్పెండు పనిచేయడం లేదు” అన్న వాక్యాన్నే చూడండి. వ్యాకరణరీత్యా నిర్దుష్టం, అర్థరీత్యా శూన్యం. ఆ ఒక్క వాక్యం మాటున మూడు వేర్వేరు రుగ్మతలు దాగి ఉన్నాయి: నిద్రపోమి, మేలుకొనమి, ఉలికిపాటు. మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు.

నిద్రపోమి అంటే ఆజ్ఞ ఇచ్చినా యంత్రం నిద్రలోకి పోకపోవడం. ఏదో ఒక ప్రోగ్రాము నిద్రను అడ్డుకొని ఉండవచ్చు; సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ ఆదేశంతో జాబితా అడిగితే అడ్డుపడిన వారి పేర్లు బయటపడతాయి. లేదా ఏదో ప్రక్రియ స్తంభించడానికి మొరాయిస్తుంది; కెర్నెలు సాధారణంగా 20 సెకన్లు వేచి చూసి, ప్రయత్నం విరమించి, ఆ ప్రక్రియ పేరును చిట్టాలో రాస్తుంది. నేరస్థుని పేరు రాసి పెట్టిన చిట్టాను తెరవకుండా తీర్పు చెప్పే న్యాయాధిపతిని ఏమనాలి?

ఉలికిపాటు అంటే కన్ను మూసిన మరుక్షణమే లేచి కూర్చోవడం. ప్రాక్ అనే అరలో, ఏసీపీఐ కింద, వేకప్ అనే దస్త్రం ఉన్నది. యంత్రాన్ని లేపే అధికారం ఏయే పరికరాలకు ఉన్నదో అందులో కనిపిస్తుంది. తరచు దొరికే దొంగ యూఎస్‌బీ నియంత్రకం. దాని పేరు సాధారణంగా ఎక్స్‌హెచ్‌సీ అని ఉంటుంది. రూటు అధికారంతో ఆ పేరును అదే దస్త్రంలోకి పంపితే అధికారం రద్దవుతుంది. మళ్లీ బూటు చేస్తే ఆ రద్దు నిలవదు కనుక, ప్రతి బూటులోనూ జరిగేలా ఏర్పాటు చేసుకోవాలి. ఆపైన కీబోర్డుతో కాక పవర్ మీటతో లేపుకోవలసి రావచ్చు.

మేలుకొనమి అన్నిటిలో కఠినమైనది. తెర నల్లగా ఉన్నంత మాత్రాన యంత్రం లేవలేదని అనరాదు. క్యాప్స్‌లాక్ మీట నొక్కి దీపం వెలిగి ఆరుతున్నదేమో చూడండి. వెలిగితే కెర్నెలు మేల్కొన్నట్లే. అనుమానం గ్రాఫిక్సు డ్రైవరు మీదికి మళ్లాలి. వెలగకపోతే, మీ కెర్నెలులో ఉన్న పక్షంలో, సిస్ అరలోని పవర్ కింద ఉండే పీఎం-టెస్టు దస్త్రం సహాయం తీసుకోవచ్చు. డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్ అని మెట్లు మెట్లుగా, నిద్ర ఆసాంతం పోకుండా 5 సెకన్లు ఆగి వెనక్కి వచ్చే పరీక్ష అది. ఏ మెట్టు దగ్గర జారితే దోషం అక్కడ. అన్ని మెట్లూ దాటి, అసలు నిద్రలో మాత్రమే కూలితే ప్రధానంగా అనుమానించవలసినది ఫర్మ్‌వేరును.

ఫర్మ్‌వేరు కథ వింటే నా ఆగ్రహానికి కారణం తెలుస్తుంది. అందులోని ఏసీపీఐ పట్టికల్లో చిన్న ప్రోగ్రాములు ఉంటాయి. వాటిని కెర్నెలే నడపాలి. “నీవు ఏ వ్యవస్థవు?” అని అవి ప్రశ్నించగలవు. అప్పుడు లినక్సు తన పేరు చెప్పుకోదు. విండోసు రూపాల పేర్లు చెప్పి అడిగితే “ఔను, నేనే” అంటుంది. తయారీదారులలో అధికులు పరీక్షించేది విండోసుతోనే. తక్కిన దారులు ముళ్లదారులు. విరాటుని కొలువులో పాండవుల వలె మారుపేరుతో బ్రతికితే తప్ప చోటు దక్కని స్థితి ఇది! 1999 జనవరిలో బిల్ గేట్సు రాసిన ఒక మెయిలు, తరువాత అయోవాలో నడిచిన కోమ్స్ వ్యాజ్యంలో సాక్ష్యంగా బయటపడింది. తాము చేయించిన పని వల్ల లినక్సు శ్రమ లేకుండా లాభపడడం విచారకరమనీ, ఏసీపీఐ విస్తరణలను విండోసుకే పరిమితం చేసే మార్గం ఉంటుందా అనీ దాని సారం. ఆ తలపు ఆచరణలోకి వచ్చిందని నేననను. అందరిదీ అని ప్రకటించిన ప్రమాణం పుట్టినింటి గాలి అది.

“ఎవరి తప్పయితే మాకేమి? లేవకపోవడం లేవకపోవడమే కదా” అంటారు కొందరు. లినక్సు పక్షాన లోపాలు లేవని నేను వాదించడం లేదు. కొత్త కెర్నెలులో పాత నిద్ర చెడిన సందర్భాలున్నాయి. ఎన్‌విడియా డ్రైవరులో వీడియో మెమరీని భద్రపరిచే ఏర్పాటు కుదరక తెర చెదరిన సందర్భాలూ ఉన్నాయి. అయితే కెర్నెలు తప్పును పాత కెర్నెలుతో బూటు చేసి తేల్చుకోవచ్చు. ఫర్మ్‌వేరు తప్పుకు తయారీదారు ఇచ్చే నవీకరణే శరణ్యం. కర్త ఎవరో తెలియకుండా చికిత్స ఎవరికి చేస్తాం?

ఇక “ఆపివేస్తే పోలా” అనే సలహా. నిద్రను నమ్మలేని మనిషి యంత్రాన్ని ఆపడు; తెరచిన పదిహేను కిటికీలు పోతాయని రాత్రంతా వెలిగించే ఉంచుతాడు. కరెంటు ఖర్చు ఎవరిది? మన ఊళ్లలో మరొక చిక్కు: ఎస్3లో ఉండగా కరెంటు పోతే, యూపీఎస్ లేని డెస్కుటాపులో భద్రపరచని రాత అంతా గంగపాలు. దానికీ ఉపాయం ఉన్నది. సిస్టమ్‌డీలోని హైబ్రిడ్-స్లీప్ ముందు డిస్కులో ప్రతి రాసి, ఆపైన ర్యాము నిద్రకు పోతుంది. కరెంటు నిలిస్తే వేగంగా లేస్తుంది, పోతే డిస్కు నుండి కోలుకుంటుంది. స్వాపు చాలినంత ఉండాలి. సెక్యూర్ బూటు అమలులో ఉంటే హైబర్నేషనును పలు పంపిణీలు అనుమతించవు కనుక అదీ చూసుకోవాలి. ఇంత ఉపాయం ఉండగా “ఆపేయండి” అనడం, తలనొప్పికి తల తీయించుకొమ్మనడమే.

అడిగితే ఫలితం ఉంటుందా? ఉంటుంది. 2018లో లెనోవో వారి థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ ఆరవ తరం ఎస్3 లేకుండా వచ్చింది. లినక్సు వాడుకరులు గట్టిగా అడిగారు. అదే ఏడాది ఫర్మ్‌వేరు నవీకరణలో నిద్ర పద్ధతిని ఎంచుకునే వీలు, “లినక్సు” అన్న పేరుతోనే, వచ్చి చేరింది. అక్కడ పాండవులకు స్వనామధేయం దక్కింది!

కావున నా కోరిక రెండు. ఎవరైనా నిద్ర సమస్య చెప్పుకుంటే, మూడు రుగ్మతలలో ఏదని అడగండి. మునుపటి బూటు చిట్టా చూడమనండి. మదర్‌బోర్డు కొనేటప్పుడు, ఎస్3 ఉన్నదా, లినక్సుతో పరీక్షించారా అని దుకాణంలోనూ, తయారీదారునికి ఉత్తరం రాసీ అడగండి. అడగనివారి మౌనాన్ని తయారీదారు అంగీకారంగానే లెక్క కట్టుకుంటాడు.