మెట్టు మెట్టుకూ కర్పూరం

తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఏడాదిలో రోజుకొకటని పెద్దలు చెబుతారు. ఏటా డిసెంబర్ 31న మెట్టు మెట్టుకూ కర్పూరం వెలిగించి పాడుకుంటూ భక్తులు ఎక్కుతారు. ఏ మెట్టునూ వదలరు. ఊపిరితిత్తుల మార్పిడికి పేరు రాయించుకుని ఎదురుచూసేవారి రోజులు తలచుకుంటే ఆ మెట్లే గుర్తొస్తాయి.

వారికి మంచం నుంచి స్నానాలగది దాకా నడకే ఒక కొండ. తల దువ్వుకుంటే ఆయాసం, నాలుగు ముద్దలు తింటే ఆయాసం. అయినా తినాలి. ఒళ్లు మరీ చిక్కితే ఆపరేషన్‌కు తట్టుకోదు. ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్ మెషీన్. కరెంటు పోతే ఇంటిల్లిపాది చూపూ సిలిండర్ ముల్లు మీదే. దాత నుంచి తీసిన ఊపిరితిత్తులను సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటల్లో అమర్చాలి. అందుకే తిరుపతిలో చుట్టాల పెళ్లికైనా వెళ్లరు, ఫోన్ తలగడ పక్కనే. తిరువళ్లూరు నుంచి ఆపరేషన్ జరిగే చెన్నై 45 కిలోమీటర్లు, తిరుత్తణి నుంచి దానికి దాదాపు రెట్టింపు. రక్తం గ్రూపు కలవాలి, ఛాతీ కొలత సరిపోవాలి. పిలుపందుకుని పరుగెత్తి వెళ్లాక, దాత ఊపిరితిత్తులు పనికిరావని తేలి వెనక్కి రావడమూ ఉంటుంది. ఆ తిరుగుప్రయాణంలో కారులో ఎవరూ మాట్లాడుకోరు.

పైకి చెప్పుకోలేని బాధ మరొకటి. తాను బతకాలంటే ఎక్కడో ఒకరు పోవాలి కదా అని. దేవుడికి దండం పెట్టుకోవడానికి కూడా జంకుతారు. ఏమని మొక్కుకోవాలి? మీరు కోరుకున్నందువల్ల ఎవరికీ చావు రాదని, వచ్చిన చావులోంచి ఒక కుటుంబం మనసు పెద్దది చేసుకుని ఇచ్చేదే దానమని వారికి ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. 2008లో తిరుక్కళుకుండ్రం డాక్టర్ దంపతులు ప్రమాదంలో పోగొట్టుకున్న కొడుకు అవయవాలను అలాగే ఇచ్చారు. ఇప్పుడు దాతలకు తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో వీడ్కోలు పలుకుతోంది.

2020లో గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఆసుపత్రిలో ఉన్న 51 రోజులూ తెలుగువాళ్లందరం ఆయన ఊపిరి కోసం బులెటిన్లు చదివాం. తిరువళ్లూరు జిల్లా తామరైపాక్కంలోనే ఆయన సమాధి. ఊపిరితిత్తుల కోసం ఎదురుచూసే వీరికి బులెటిన్లు లేవు. ఆక్సిజన్ ఎంత ఉందని అడిగేవారే గాని, ఇవాళ నిద్రపట్టిందా, ఏమైనా తినాలనిపించిందా అని అడిగేవారు తక్కువ. బతుకు ఆపరేషన్ తర్వాతే మొదలవుతుందనుకోవడం అన్యాయం. పిలుపు రాకముందే వెళ్లిపోయేవారికి ఉన్నవి ఈ రోజులే.

ఫిజియోథెరపిస్టు నేర్పే శ్వాస వ్యాయామం, ఆక్సిజన్ పెట్టుకునే చేసే కొద్దిపాటి నడక ఒంటికీ మనసుకూ బలమిస్తాయి. తిరువళ్లూరులో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. వీటికోసం రోగి చెన్నై దాకా వెళ్లనక్కర్లేకుండా అక్కడే వారం వారం అందించాలి. ఇలాంటివారు మీ వీధిలో ఉంటే, కరెంటు పోయినప్పుడు ఒకసారి తలుపు తట్టండి. అవయవ దానానికి మీరు సమ్మతి రాసిచ్చినా చివరికి ఒప్పుకుని సంతకం పెట్టాల్సింది ఇంటివాళ్లే. మీ మాట వారికి ఇవాళే చెప్పి ఉంచండి.